హెల్వాన్ కొలిమి ఆరకపోయి ఉంటే?

*అరబ్బు నేల మీద ఒక ఆధునిక మహాశక్తి ఎదిగే అవకాశం ఒకప్పుడు నిజంగానే వచ్చింది. ఆ అవకాశం నిలబడి ఉంటే ప్రపంచం ఎలా ఉండేది? రాయపూర్ పక్కనున్న భిలాయ్ నుంచి, విశాఖ ఉక్కు గేటు నుంచి, గల్ఫ్ బాట పట్టిన మన పల్లెల నుంచి చూస్తే ఈ ప్రశ్న చాలా దగ్గరిది.*

1964 మార్చి 7. కైరోకు దక్షిణాన నైలు నది తూర్పు గట్టున ఉన్న హెల్వాన్. రన్‌వే మీద ఒక బుల్లి జెట్ విమానం సిద్ధంగా ఉంది. అది అంతవరకూ నేల విడిచి ఎరగదు. దాని పేరు హెచ్‌ఏ-300. ధ్వని వేగాన్ని దాటాలన్న ఆశతో ఈజిప్టు తన సొంత గడ్డ మీద కట్టుకున్న యుద్ధ విమానం. దాన్ని గీసింది జర్మన్ డిజైనర్ విల్లీ మెసర్‌ష్మిట్. తాత్కాలికంగా బిగించిన ఇంజను బ్రిటన్‌ది. కాక్‌పిట్‌లో కూర్చున్నది మాత్రం మనవాడు, భారత వైమానిక దళ టెస్ట్ పైలట్ కపిల్ భార్గవ. విమానం పరుగు తీసి గాల్లోకి లేచింది. కొద్ది నిమిషాలు తిరిగి క్షేమంగా దిగింది. ఒక అరబ్ దేశం తయారుచేసుకున్న జెట్ ఫైటర్‌ను మొట్టమొదట ఎగరేసిన చేతులు భారతీయుడివి.

అదే హెల్వాన్‌లో అప్పటికే ఒక ఉక్కు కర్మాగారం నడుస్తోంది. పక్కన ఆయుధ కర్మాగారాలు వచ్చాయి, కార్మికుల ఇళ్లు లేచాయి. 'సూది నుంచి రాకెట్ దాకా అన్నీ మనమే చేసుకుందాం' అన్నది ఆ రోజుల్లో ఈజిప్టు నినాదం. ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే అతిథులకు ఆ దేశం రేపటి అగ్రరాజ్యంలా కనిపించింది.

అరవై ఏళ్లు గడిచాక ఆ ప్రశ్న మళ్లీ చర్చకు వచ్చింది. 2024 జనవరి 1న ఈజిప్టు, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ బ్రిక్స్‌లో చేరాయి. 2025 ఫిబ్రవరిలో అమెరికా, రష్యా ప్రతినిధులు మాట్లాడుకోవడానికి రియాద్‌లో కూర్చున్నారు. అదే ఏడాది అక్టోబరులో గాజా శాంతి కోసం దేశాధినేతలు ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో కలిశారు. అరబ్ రాజధానుల్లో ప్రపంచ రాజకీయాలు నడుస్తున్నాయి. కానీ ఈ పెద్దరికం ఎక్కువగా చమురుతోనూ, డబ్బుతోనూ, ఉన్న చోటుతోనూ వచ్చింది. 1960ల్లో ఈజిప్టు కోరుకున్నది వేరు. ఫ్యాక్టరీలు, ఇంజినీర్లు, బడులు, సొంత సైన్యంతో సొంత కాళ్ల మీద నిలబడే శక్తి కావాలనుకుంది. అది దక్కి ఉంటే?

రెండు నేలలు, ఒకే ఆశ

రాయపూర్ నుంచి పడమరగా పాతిక ముప్పై కిలోమీటర్లు వెళితే భిలాయ్. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు ఇక్కడ ఉక్కు కర్మాగారం కట్టాలని ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దల్లీ రాజహరా కొండల నుంచి ఇనుప రాయి, నందిని గనుల నుంచి సున్నపురాయి వచ్చాయి. పనికి దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చారు. తెలుగువాళ్లకు ఈ దారి కొత్త కాదు. 1931లో రాయపూర్ - విజయనగరం రైలు మార్గం పూర్తయినప్పటి నుంచీ ఉత్తరాంధ్ర జనం రైల్వే పనులకూ, కూలికీ, వ్యాపారానికీ ఇటు వస్తూనే ఉన్నారు. భిలాయ్ వచ్చాక ఆ రాకపోకలు కాపురాలయ్యాయి.

హెల్వాన్ కథ కూడా అప్పుడే మొదలైంది. ఈజిప్టు ఉక్కు కంపెనీ 1954లో పుట్టింది. జర్మన్ సంస్థ డెమాగ్ కొలుములు కట్టింది. 1958లో అధ్యక్షుడు గమాల్ అబ్దుల్ నాసర్ ప్రారంభించారు. తర్వాత విస్తరణకు సోవియట్ యూనియన్ చేయి అందించింది. ఇనుప రాయి మొదట ఎక్కడో దక్షిణాన అస్వాన్ నుంచి వచ్చేది. 1970ల్లో ఎడారిలోని బహరియా ఒయాసిస్ దాకా రైలు పట్టాలు వేసి అక్కడి నుంచి తెచ్చుకున్నారు. బొగ్గు మాత్రం బయటి దేశాల నుంచే రావాలి.

రెండు దేశాలకూ వలస పాలన గాయాలు కొత్తగా మానుతున్న కాలం అది. నెహ్రూ, నాసర్ 1955లో బాండుంగ్ సమావేశంలో కలిసి కూర్చున్నారు. 1961లో బెల్‌గ్రేడ్‌లో అలీనోద్యమానికి రూపమిచ్చినవారిలో ఇద్దరూ ఉన్నారు. ఇటు భిలాయ్‌లో ఉక్కు పోస్తుంటే అటు హెల్వాన్‌లోనూ పోశారు. ఇటు బెంగళూరులో జర్మన్ డిజైనర్ కర్ట్ టాంక్ గీసిన హెచ్‌ఎఫ్‌-24 మరుత్ యుద్ధ విమానం 1961లో ఎగిరితే, అటు మూడేళ్లకు హెచ్‌ఏ-300 ఎగిరింది.

> ఇంజను కోసం ఇద్దరి చెలిమి
>
> భారత్ దగ్గర మంచి విమానం ఉంది, తగిన ఇంజను లేదు. ఈజిప్టు దగ్గర ఆస్ట్రియా ఇంజినీర్ ఫెర్డినాండ్ బ్రాండ్నర్ తయారుచేస్తున్న ఈ-300 ఇంజను ఉంది, దాన్ని గాల్లో పరీక్షించే విమానం కావాలి. రెండు దేశాలూ చేతులు కలిపాయి. 1967లో ఆ ఇంజను బిగించిన మరుత్ ఈజిప్టు ఆకాశంలో ఎగిరింది. కానీ యుద్ధంలో చితికిపోయిన ఈజిప్టు 1969లో విమాన పథకాన్ని ఆపేసింది. భారత్‌లో తయారైన 147 మరుత్‌లూ చాలినంత బలం లేని ఇంజన్లతోనే సేవ చేసి వెళ్లిపోయాయి. ఆనాటి హెచ్‌ఏ-300 ఇప్పుడు జర్మనీలో మ్యూనిక్ దగ్గర మ్యూజియంలో ఉంది.

అలెగ్జాండ్రియాలో ఒక పేరు

నాసర్‌ను అరబ్బుల నాయకుణ్ణి చేసిన రోజు 1956 జులై 26. అంతకు వారం ముందే అస్వాన్ ఆనకట్టకు ఇస్తామన్న సాయాన్ని అమెరికా వెనక్కి తీసుకుంది. బ్రిటన్, ప్రపంచ బ్యాంకు అదే దారి పట్టాయి. అలెగ్జాండ్రియా మైదానంలో వేలాది జనం ముందు నాసర్ మాట్లాడుతున్నారు. ప్రసంగం రేడియోలో వస్తోంది. మధ్యలో ఆయన సూయజ్ కాలువ తవ్వించిన ఫ్రెంచి దొర డి లెసెప్స్ పేరెత్తారు. అది సంకేతం. ఆ పేరు వినగానే ఇంజినీర్ మహమూద్ యూనిస్ మనుషులు కాలువ కంపెనీ కార్యాలయాల్లోకి అడుగుపెట్టారు. ప్రసంగం ముగిసేసరికి కాలువ ఈజిప్టుది.

ఓడలను కాలువలో నడిపించే ఐరోపా పైలట్లు సెప్టెంబరులో పని మానేసి వెళ్లిపోయారు. ఈజిప్షియన్ల వల్ల కాదని పశ్చిమ దేశాల పత్రికలు రాశాయి. ఓడలు ఆగలేదు. అక్టోబరు చివర ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి దాడి చేశాయి. అమెరికా, సోవియట్ ఒత్తిడికి వెనక్కి తగ్గాయి. పాత సామ్రాజ్యాలు ఒక పేద దేశం ముందు తలవంచడం చూసిన ఆసియా, ఆఫ్రికా జనానికి గుండె నిండింది.

కాలువ రాబడి, సోవియట్ సాయంతో 1960లో అస్వాన్ ఎగువ ఆనకట్ట పని మొదలైంది. పదేళ్లలో పూర్తయింది. 2,100 మెగావాట్ల విద్యుత్తు. అదే దశకంలో కృష్ణా నది మీద నాగార్జునసాగర్ లేచింది. రెండు చోట్లా నీళ్ల కింద చరిత్ర మునిగింది. మనం నాగార్జునకొండ శిల్పాలను ద్వీపం మీదికి ఎక్కించుకున్నాం. వాళ్లు అబూ సింబెల్ గుడిని ముక్కలుగా కోసి ఎత్తున మళ్లీ నిలబెట్టుకున్నారు. రెండు చోట్లా ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిన మనుషులున్నారు. ఈజిప్టు వైపే దాదాపు 50,000 మంది నూబియన్లు తాతల నాటి ఇళ్లు వదిలారు. దేశం బలపడటానికి ముందుగా మూల్యం చెల్లించింది వాళ్లు.

డమాస్కస్ ఎందుకు విడిపోయింది

1958 ఫిబ్రవరిలో సిరియా తనంతట తానే వచ్చి ఈజిప్టుతో కలిసింది. యునైటెడ్ అరబ్ రిపబ్లిక్ పుట్టింది. డమాస్కస్ వెళ్లిన నాసర్‌ను చూడటానికి వీధులు పట్టనంత జనం. సూయజ్ కాలువ, ఇరాక్ చమురు మధ్యధరా తీరానికి చేరే పైపులైన్లు, సిరియా పంట భూములు, నైలు లోయ శ్రమశక్తి ఒకే జెండా కిందికి వచ్చాయి. చరిత్ర మలుపు తిరగగలిగిన మొదటి ఘడియ ఇది.

ఆ ఘడియ మూడున్నరేళ్లే నిలిచింది. సిరియాలో రాజకీయ పార్టీలన్నీ రద్దయ్యాయి. రహస్య పోలీసులు ఇంటింటి మాటా విన్నారు. పెత్తనం కైరో నుంచి వచ్చిన అధికారుల చేతికి పోయింది. 1961 జులైలో బ్యాంకులు, పరిశ్రమలు జాతీయం చేసే ఉత్తర్వులు కైరోలో తయారై డమాస్కస్‌కు వచ్చాయి. అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లు లేరు. 1961 సెప్టెంబరు 28న సిరియా సైనికాధికారులు తిరగబడి విడిపోయారు. ప్రేమతో వచ్చిన భాగస్వామిని మాట్లాడనివ్వకపోవడం వల్ల పోగొట్టుకున్న కలయిక అది.

మరుసటి ఏడాది యెమెన్. అక్కడి విప్లవానికి సాయంగా ఈజిప్టు పంపిన సైన్యం ఏటికేడు పెరిగి దాదాపు 70,000కు చేరింది. తెలియని కొండల్లో అయిదేళ్ల పోరు. వద్దని గట్టిగా చెప్పగల పార్లమెంటు లేదు, పత్రిక లేదు.

ఆ సోమవారం ఉదయం

1967 మే నెలలో నాసర్ ఐక్యరాజ్యసమితి శాంతి దళాన్ని వెళ్లిపొమ్మన్నారు. ఆ దళాన్ని నడుపుతున్నది భారతీయుడు, మేజర్ జనరల్ ఇందర్ జిత్ రిఖీ. తర్వాత తీరాన్ జలసంధిని ఇజ్రాయెల్ ఓడలకు మూసేశారు. జూన్ 5, సోమవారం ఉదయం ఇజ్రాయెల్ విమానాలు ఈజిప్టు వైమానిక స్థావరాల మీద పడ్డాయి. కొన్ని గంటల్లో ఆ దేశపు వైమానిక బలం నేల మీదే కాలిపోయింది. వెళ్లిపోవడానికి గాజాలో ఎదురుచూస్తున్న మన సైనికులు కొందరు ఆ కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయారు.

కైరో రేడియో మాత్రం శత్రు విమానాలను డజన్ల కొద్దీ కూల్చామని చెబుతూనే ఉంది. వీధుల్లో జనం పండగ చేసుకున్నారు. సైన్యాధిపతి అబ్దుల్ హకీం ఆమర్ కార్యాలయం నుంచి వెళ్లిన గొప్పలు మిత్రదేశాలను కూడా తప్పుదోవ పట్టించాయి. నిజం తెలిసేసరికి సైనాయ్ పోయింది. అక్కడి చమురు బావులు పోయాయి. సూయజ్ కాలువ మూతపడింది. 1975 జూన్ 5 దాకా, సరిగ్గా ఎనిమిదేళ్లు, అందులో సరుకు ఓడ నడవలేదు. కాలువ రాబడి ఆగింది. హెల్వాన్ విమానం ఆగింది. సూది నుంచి రాకెట్ దాకా అన్న నినాదం తూటాల ఖర్చులో కరిగిపోయింది.

ఈ కథలో నా మనసును ఎక్కువగా పట్టుకున్నది తర్వాత జరిగిన సంగతి. ఓటమికి బాధ్యులైన వైమానిక అధికారులకు 1968 ఫిబ్రవరిలో తేలికపాటి శిక్షలు పడ్డాయి. భరించలేక మొదట వీధిలోకి వచ్చినవాళ్లు హెల్వాన్ కార్మికులు. విశ్వవిద్యాలయాల విద్యార్థులు వాళ్లకు తోడయ్యారు. ఆయుధాలు తయారుచేసిన చేతులు ఆ ఆయుధాలు ఏమయ్యాయని లెక్క అడిగాయి. పోలీసులు ముందు కాల్పులు జరిపారు. తర్వాత నాసర్ సంస్కరణలు ప్రకటించారు. దేశం బాగుపడటానికి కావలసిన గొంతు హెల్వాన్‌లోనే ఉంది. దాన్ని పదేళ్ల ముందు మాట్లాడనిచ్చి ఉంటే జూన్ 5 వచ్చేదే కాదేమో.

> సెప్టెంబరు 28
>
> ఈ కథలో ఒకే తేదీ మూడుసార్లు వస్తుంది. 1961 సెప్టెంబరు 28న సిరియా విడిపోయింది. 1970 సెప్టెంబరు 28న నాసర్ గుండెపోటుతో మరణించారు. కైరోలో అంతిమయాత్రకు లక్షల జనం తరలివచ్చారు. 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగీని నిద్రలోనే కాల్చి చంపారు. దల్లీ రాజహరా కాంట్రాక్టు గని కార్మికులను సంఘటితం చేసినవాడు ఆయన. ఆ కార్మికులు చందాలు పోగేసి తమ చేతులతో కట్టుకున్న షహీద్ ఆస్పత్రి ఇప్పటికీ అక్కడ ఉంది.

ఇప్పుడు ఊహిద్దాం

తెలుగు పల్లెల్లో రాయబారం సీను ఎన్నిసార్లు ఆడినా జనం కన్నార్పకుండా చూస్తారు. యుద్ధం తప్పదని తెలిసీ ఈసారైనా దుర్యోధనుడు వింటాడేమోనని ఎక్కడో ఆశ. ఛత్తీస్‌గఢ్‌లో మహాభారత కథను పండవానీగా పాడేవాళ్లు కూడా ఆ సభను అలాగే కళ్లకు కట్టిస్తారు. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసిన తీజన్ బాయి ఆ కళను ప్రపంచానికి చూపించారు. జరగనిదాన్ని ఊహించడం మనకు చేతకాని పని కాదు. ఎక్కడ మాట వింటే ఏం తప్పేదో తెలుసుకునే దారి అది.

మూడు చోట్ల మాట విన్నారనుకుందాం.

మొదటిది 1961. కైరో సిరియాకు సొంత శాసనసభ, పార్టీలు, తన పరిశ్రమల మీద తన నిర్ణయం వదిలిపెట్టింది. కలయిక సమాఖ్యగా మారి నిలిచింది. ఇది గాల్లో మేడ కాదు. 1963 ఏప్రిల్ 17న ఈజిప్టు, సిరియా, ఇరాక్ సమాఖ్యగా ఏర్పడదామని నిజంగానే సంతకాలు చేశాయి. నెలల్లోనే ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయి అది కాగితం మీదే ఆగింది. మన ఊహలో అది ఆగలేదు. ఇరాక్ చమురు, సిరియా ధాన్యం, ఈజిప్టు ఇంజినీర్లు ఒక చోటికి చేరారు.

రెండోది 1962. యెమెన్‌కు సైన్యం వెళ్లలేదు. ఆ ఖర్చు, ఆ పటాలాలు ఇంట్లోనే ఉన్నాయి.

మూడోది 1967 మే. శాంతి దళం గాజాలోనే ఉంది. తీరాన్ తెరిచే ఉంది. పాలస్తీనా సమస్య తీరలేదు. కానీ దాన్ని బలంతో కాక బరువుతో మాట్లాడగల ఒక పెద్ద దేశం పక్కన నిలబడింది. సూయజ్‌లో ఓడలు తిరుగుతున్నాయి.

ఇక 1973. చమురు ధర పీపాకు 3 డాలర్ల ప్రాంతం నుంచి కొద్ది నెలల్లో 12 డాలర్ల దగ్గరికి ఎగబాకింది. నిజ చరిత్రలో ఆ డబ్బు చాలావరకు పశ్చిమ దేశాల బ్యాంకులకూ, ఆయుధాల కొనుగోళ్లకూ పోయింది. మన ఊహలో ఇరాక్ వాటా హెల్వాన్ కొలుములకు, అలెగ్జాండ్రియా ఓడరేవుకు, బాగ్దాద్, డమాస్కస్ విశ్వవిద్యాలయాలకు చేరింది. 1960లో తలసరి ఆదాయంలో ఈజిప్టు, దక్షిణ కొరియా ఇంచుమించు ఒకే మెట్టు మీద ఉన్నాయి. కొరియా ఎక్కిన మెట్లు అరబ్ సమాఖ్య కూడా ఎక్కడానికి చదువు ఉంది, జనం ఉన్నారు, చమురు ఉంది, కాలువ ఉంది.

మనకు దక్కేది కూడా తక్కువ కాదు. ఈ-300 ఇంజను పూర్తయి మరుత్‌కు అమరి ఉంటే, జెట్ ఇంజను తయారుచేయడంలో భారత్‌కు 1970ల్లోనే అనుభవం వచ్చేది. తేజస్ యుద్ధ విమానం ఈ రోజుకీ అమెరికా ఇంజనుతో ఎగురుతోంది. హెల్వాన్‌లో ఆగిన పని మన దగ్గర కూడా ఒక ఖాళీని వదిలింది.

> హైదరాబాద్ జీతాలతో నిలిచిన అరబ్ రాజ్యం
>
> అరబ్ రాజ్య నిర్మాణంలో తెలుగు నేలకు పాత లెక్క ఒకటుంది. యెమెన్ వైపు హద్రమౌత్ నుంచి వచ్చిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ హైదరాబాద్‌లో నిజాం సైన్యంలో జమేదారుగా ఎదిగాడు. ఇక్కడ కూడబెట్టిన సంపదతో ఆయన వంశం 19వ శతాబ్దంలో షిబామ్, షిహర్, ముకల్లా పట్టణాలను గెలిచి రాజ్యం స్థాపించింది. ఆ సుల్తానులు హైదరాబాద్‌కూ అక్కడికీ తిరుగుతూ పాలించారు. 1967లో దక్షిణ యెమెన్ ఏర్పడటంతో ఆ రాజ్యం ముగిసింది. హైదరాబాద్ బార్కస్‌లో ఆ సైనికుల వారసులు ఇప్పటికీ ఉన్నారు.

మన పల్లెలు ఎటు వెళ్లేవి?

చమురు ధర పెరిగాక గల్ఫ్ ఎడారుల్లో నగరాలు లేచాయి. కట్టే చేతులు కావలసి వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు వెళ్లారు. ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టడం, దిగగానే పాస్‌పోర్టు యజమాని అయిన కఫీల్ చేతికి పోవడం, జీతం రాక పారిపోతే పత్రాల్లేని 'ఖల్లివెల్లి' అయిపోవడం... ఈ మాటలు ఆ జిల్లాల్లో తెలియని ఇల్లుండదు. పెంకుటింటి చోట డాబా వచ్చింది, పిల్లలు చదువుకున్నారు. శంషాబాద్ విమానాశ్రయానికి శవపేటికలు కూడా వచ్చాయి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది.

ఇదే కాలంలో ఈజిప్టువాళ్లు కూడా అదే దారి పట్టారు. 1980ల్లో ఇరాక్‌లోనే పది లక్షలకు పైగా ఈజిప్షియన్లు పని చేశారు. ప్రపంచానికి విమానాలు చూపించిన దేశపు యువకుడు, కరీంనగర్ రైతు కొడుకు ఒకే లేబర్ క్యాంపులో పక్కపక్క మంచాల మీద పడుకున్నారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకున్నప్పుడు ఇద్దరూ ఒకే ఎడారి దాటారు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు లక్ష మందికి పైగా భారతీయులను ఇంటికి చేర్చాయి. అందులో ఏళ్ల సంపాదన వదిలేసి కట్టుబట్టలతో దిగిన తెలుగువాళ్లు ఎందరో.

బలమైన అరబ్ సమాఖ్య నిలిచి ఉంటే వలస ఆగేదని చెప్పలేం. దాని తీరు మారేది. తమ కార్మికులకు యూనియన్లు, పెన్షన్లు ఉన్న పారిశ్రామిక దేశం పొరుగున ఉంటే కార్మికుణ్ణి యజమానికి కట్టేసే కఫాలా పద్ధతి అంత దర్జాగా సాగడం కష్టం. కైరోలోనో బాగ్దాద్‌లోనో కార్మిక చట్టం మెరుగైతే దాని గాలి కువైట్‌కూ తగులుతుంది. కూలీలతో పాటు మన ఇంజినీర్లు, డాక్టర్లు, టీచర్లు సమాన భాగస్వాములుగా వెళ్లే దారి తెరుచుకునేది. కపిల్ భార్గవ హెల్వాన్‌కు వెళ్లింది అలాంటి దారిలోనే.

ఊహకు అడ్డుపడే ఇరాక్

డబ్బు, నాయకుడు, ఫ్యాక్టరీ ఉంటే చాలుననుకునేవాళ్లు ఇరాక్ వైపు చూడాలి. 1972లో అది తన చమురును జాతీయం చేసింది. ఆ ఆదాయంతో బడులు, ఆస్పత్రులు, రోడ్లు కట్టింది. నిరక్షరాస్యత మీద చేసిన పోరాటానికి యునెస్కో గౌరవం పొందింది. మన ప్రభుత్వ సంస్థ ఇర్కాన్ అక్కడ రైలు మార్గాలు వేసింది. 1979లో సద్దాం హుస్సేన్ అధ్యక్షుడయ్యాడు. కాదన్నవాడు బతకని చోట ఇక సలహా ఇచ్చేదెవరు? 1980లో ఇరాన్ మీద యుద్ధం, ఎనిమిదేళ్లు. తర్వాత కువైట్, ఆంక్షలు, 2003లో అమెరికా దండయాత్ర. పదేళ్లలో కూడిన సంపద, చదువు, ఆరోగ్యం అన్నీ బూడిదయ్యాయి.

నాసర్‌ను సద్దాంతో ఒకే గాటన కట్టడం అన్యాయం. పేద రైతుకు భూమి, కూలివాడి కొడుక్కి విశ్వవిద్యాలయం, అరబ్బుకు ఆత్మగౌరవం ఇచ్చినవాడు ఆయన. కానీ ఆ పాలన తొలి నెలల్లోనే, 1952లో, కఫ్ర్ అల్ దవ్వార్ బట్టల మిల్లులో సమ్మె చేసిన ఇద్దరు కార్మికులను ఉరితీశారు. కమ్యూనిస్టులు, ముస్లిం బ్రదర్‌హుడ్ సభ్యులు, ప్రశ్నించిన రచయితలు జైళ్లలో మగ్గారు. ప్రజల కోసం చేస్తున్నామని చెబుతూ ప్రజల నోరు మూయించడం ఆ పాలనలోని లోపం. సిరియా, యెమెన్, జూన్ 5 మూడూ ఆ లోపం నుంచే వచ్చాయి.

2021 జనవరి

2021 జనవరిలో హెల్వాన్ ఉక్కు కంపెనీని మూసేయాలని నిర్ణయించారు. నష్టాలు పెరిగాయి, యంత్రాలు పాతబడ్డాయన్నారు. ఏడు వేల పైచిలుకు కార్మికులు ఉన్నారు. గేటు దగ్గర బైఠాయించారు. నిర్ణయం మారలేదు. ఈజిప్టులో ఉక్కు ఆగిపోలేదు, ప్రైవేటు కర్మాగారాలు సహజవాయువుతో చేస్తూనే ఉన్నాయి. ఆగిపోయింది ఒక తరం తన చేతులతో కట్టుకున్న హెల్వాన్.

అదే నెల 27న కేంద్ర మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కులో వాటాలన్నీ అమ్మేయాలని నిర్ణయించింది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న కర్మాగారం అది. 64 గ్రామాలు భూములిచ్చాయి. సొంత ఇనుప రాయి గని లేదు, ఛత్తీస్‌గఢ్ బైలదిల్లా నుంచి వచ్చే రాయిని కొనుక్కుంటూ నడిచింది. విశాఖ కార్మికులు కూడా గేటు దగ్గర కూర్చున్నారు. ఏళ్ల తరబడి దీక్షలు, ఊరేగింపులు, కోర్టు కేసులు, శాసనసభ తీర్మానం, పార్లమెంటులో ప్రశ్నలు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ఆమోదించింది. కష్టాలు తీరలేదు, కాంట్రాక్టు కార్మికుల గోడు వినాల్సింది ఇంకా ఉంది. అయినా అడగడానికి చోటు ఉండబట్టి కొలిమి మండుతోంది.

భిలాయ్ 1959 నుంచి ఎదుగుతూనే ఉంది. దశాబ్దాల పాటు మన రైళ్లు ప్రధానంగా అది పోసిన పట్టాల మీదే నడిచాయి. ఐఎన్‌ఎస్ విక్రాంత్‌కు ఉక్కు ఇచ్చిన కర్మాగారాల్లో అదీ ఒకటి. రాయపూర్ చుట్టూ సిల్తరా, ఉర్లా పారిశ్రామికవాడలు అలాంటి ఉక్కు నేల మీదే విస్తరించాయి. కానీ ఇక్కడా గని కార్మికుడికి న్యాయమైన కూలి అడిగినందుకు నియోగీ ప్రాణం పోయింది. మన దారి హెల్వాన్ దారి కన్నా భిన్నంగా సాగడానికి కారణం మన నాయకుల గొప్పతనం కాదు. అడిగేవాళ్లు పుడుతూనే ఉన్నారు, వాళ్లను పూర్తిగా మాయం చేయడం ఎవరి వల్లా కాలేదు.

అగ్రరాజ్యం అంటే

అరబ్ ప్రపంచం నుంచి మళ్లీ ఒక పెద్ద శక్తి రావచ్చు. ఈసారి డబ్బు ఉంది, నగరాలు ఉన్నాయి, ప్రపంచ వేదికలు ఉన్నాయి. యువత ఉంది. 2011లో కైరో తహ్రీర్ మైదానంలో ఆ యువతే రొట్టె, స్వేచ్ఛ, సామాజిక న్యాయం కావాలని అడిగింది. 1968లో హెల్వాన్ కార్మికులు మొదలుపెట్టిన లెక్కను వాళ్లు కొనసాగించారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల ప్రభుత్వం వచ్చిన రోజు అరబ్బులకు అగ్రరాజ్యం దక్కుతుంది. అప్పటిదాకా ఎన్ని మేడలు కట్టినా, ఎన్ని సదస్సులు జరిపినా అది అరువు బలమే.

ఈ పాఠం మనకూ అంతే వర్తిస్తుంది. మనం కూడా అగ్రరాజ్యం అవుతామని రోజూ వింటున్నాం. ఉక్కు టన్నులు, విమానాల సంఖ్య, ఆర్థిక వ్యవస్థ ర్యాంకు చెబుతున్నారు. వాటితో పాటు ఇంకో లెక్క కూడా అడుగుదాం. దల్లీ రాజహరాలో కాంట్రాక్టు కూలీ, విశాఖ గేటు దగ్గర కార్మికుడు, రియాద్ నుంచి తిరిగొచ్చిన నిజామాబాద్ యువకుడు తన కష్టం చెప్పుకుంటే వినే చోటు ఈ దేశంలో ఎంత మిగిలి ఉంది? ఈజిప్టు ఆ చోటు ముందే మూసేసి, కట్టుకున్నవన్నీ పోగొట్టుకుంది. మనం దాన్ని తెరిచి ఉంచుకోవాలి.